పోగు పడని ఫాల్ట్

నాగక్క నోరు మంచిది కాదు. ఈ మాట రేగులగుంపులో ఎవరిని అడిగినా చెబుతారు, అడగకపోయినా చెబుతారు. సోలార్ పలక మీద ఎండుమిరపకాయలు ఆరబోసి, ఫ్యాను తిరగడం లేదని ఫోన్ చేసిన అంగన్‌వాడీ టీచరు నిర్మలాదేవిని పిల్లల ముందే కడిగిపారేసింది. టీచరమ్మ ఇప్పటికీ ఆమె ఎదురైతే మొహం తిప్పుకుంటుంది. నాగక్క కూడా తిప్పుకుంటుంది, ఇంకాస్త ఎక్కువగా.

కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డు దిగి అడవిలోకి తొమ్మిది కిలోమీటర్లు పోతే ఆ గుంపు వస్తుంది. ముప్పై రెండు కోయ ఇళ్ళు. కరెంటు స్తంభాలు వాగు అవతలే ఆగిపోయాయి. అందుకని ఇంటికో పలక, గోడకో చిన్న ఇన్వర్టర్, మూలన ఒక బ్యాటరీ ఇచ్చారు. వాటిని చూసుకోవడానికి ఎనిమిది మంది ఆడవాళ్ళను ఆరు నెలలు ఎక్కడికో తీసుకెళ్ళి నేర్పించారు. తిరిగొచ్చిన ఎనిమిది మందిలో ఏడుగురు స్క్రూడ్రైవర్లు అటక మీద పెట్టి పత్తి ఏరడానికి పోయారు. మిగిలింది నాగక్క.

ఆమెకు పోవడానికి వేరే దారి కూడా లేదు. మొగుడు జంపయ్య ఇల్లందు ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పనికి పోయి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. ఒకనాడు తన మోటారుసైకిల్ తీసుకుపోదామని వస్తే నాగక్క తాళంచెవి చేతిలో పట్టుకొని, ఆ బండి తప్ప ఇంట్లో ఏది కావాలన్నా తీసుకుపొమ్మంది. అతను ఏదీ తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ బండి మీదే ఆమె అయిదు గుంపులు తిరుగుతుంది. వెనక పనిముట్ల సంచి, హ్యాండిల్‌కు నీళ్ళ సీసా, పెదవి మీద తయారుగా ఒక తిట్టు.

ఇన్వర్టర్ అంటే ఎండను ఇంటి కరెంటుగా మార్చే డబ్బా. మార్చడం దాని పని. ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఆగాలో చెప్పడం మాత్రం మనిషి పని. దానికి నాలుగు మీటలు, ఆ మీటలకు తాళంగా నాలుగంకెల పాస్‌వర్డు. అయిదు గుంపుల్లోనూ ఆ అంకెలు నాగక్క ఒక్కదానికే తెలుసు. టీవీ ఇంకో గంట నడవాలని ఎవరు బతిమాలినా బ్యాటరీ చస్తుందని మీట నొక్కేది కాదు. కరెంటు సూర్యుడిది కాదు, నాగక్కదని జనం గొణుక్కునేవాళ్ళు. ఆ గొణుగుడు చెవిన పడితే ఆమెకు లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఆమె అందరి మీదా విసుక్కునేది గానీ, ద్వేషించింది మాత్రం ఒక్క మనిషిని. వెంకటప్పయ్య.

వెంకటప్పయ్య తండ్రి కృష్ణా జిల్లా నుంచి వేంసూరు వచ్చాడు. వేంసూరులో నిలదొక్కుకున్నాక కొడుకు ఇంకా లోపలికి, అడవి అంచు దాకా వచ్చాడు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులు కొనకూడదని చట్టం ఉంది. వెంకటప్పయ్య కొనలేదు, కాగితం మీద. కాగితం మీద వాగు పక్కన ఆ ఎనిమిదెకరాలు గుంపు పెద్ద పగిడయ్యవి. పాసుపుస్తకం పగిడయ్యది. సబ్సిడీలో వచ్చిన సోలార్ మోటారు, ఇన్వర్టర్, బ్యాటరీలు అన్నీ పగిడయ్య పేరునే ఉన్నాయి. దున్నించేది, కోయించేది, అమ్ముకునేది వెంకటప్పయ్య. తన పేరున్న చేలో పగిడయ్య కూలికి పోతాడు, ఆ కూలి ఇచ్చే మనిషిని దొరా అని పిలుస్తాడు. గుంపంతా దొరా అనే పిలుస్తుంది. నాగక్క ఒక్కతే పేరు పెట్టి పిలిచి, చివర గారు అని అతికిస్తుంది. ఆ గారు వింటే వెంకటప్పయ్యకు ఒళ్ళు మండేది. ఆమెకు కావలసిందీ అదే.

ఇక పందుల సంగతి. మాగాణి దిక్కుల్లో రైతుకు పురుగు శత్రువు, ఇక్కడ అడవిపంది. కంకి పట్టిన మొక్కజొన్న చేలో ఒక మంద పడితే తెల్లారేసరికి చాపలాగా పరిచేసి పోతుంది. వెంకటప్పయ్య చేను చుట్టూ తీగ కట్టించాడు. కట్టింది పగిడయ్యే, రోజు కూలికి. మొదట్లో దానికి పద్ధతైన ఫెన్సింగ్ డబ్బా ఉండేది. టిక్కుటిక్కుమంటూ, తగిలితే జిల్లుమనిపించి తరిమేసేది. రెండేళ్ళ కిందట పిడుగు పడి అది కాలిపోయింది. ఆ తర్వాత నుంచే తీగకు పందులు చావడం మొదలైంది.

గుంపులో వేట పడితే పోగులు వేయడం తాతల నాటి పద్ధతి. అడ్డాకులు పరిచి ఇంటికొక కుప్ప పెడతారు. వేటకు పోయినవాడికీ, పోనివాడికీ, మంచం పట్టిన ముసలికీ ఒకటే కొలత. తీగకు పడ్డ పందికీ అదే పద్ధతి నడిచింది. తెల్లారగానే పగిడయ్యకు కబురు వచ్చేది, నలుగురు పోయి కర్రకు కట్టి మోసుకొచ్చేవాళ్ళు. ఫారెస్టు వాళ్ళ కంట పడకుండా వెంకటప్పయ్యకు కళేబరం వదిలేది, గుంపుకు కూర అమరేది. ఒకప్పుడు జిల్లుమనిపించి వదిలే తీగ ఇప్పుడు ఎట్లా చంపుతోందని ఒక్కరూ అడగలేదు. నాగక్కకు కూడా పోగు వచ్చేది, వండుకునేది. లోకంలో ప్రతిదాన్నీ అడిగి కడిగే మనిషి ఇది మాత్రం అడగలేదు. నోట్లో ముక్క ఉన్నప్పుడు ఎవరి నోరైనా మంచిదే.

ఈ ఏడు ఏప్రిల్ నడిమధ్యలో ఒక మిట్టమధ్యాహ్నం వెంకటప్పయ్య ఫోన్ చేసి, ఇన్వర్టర్ మాటిమాటికీ ఆగిపోతోందని, వచ్చి చూడమని చెప్పాడు. ఆ మనిషి మొహం చూడాలంటేనే ఆమెకు చిరాకు. అయినా పోయింది.

మోటారు షెడ్డులో గోడకు డబ్బా ఉంది. దాని కింద నుంచి మోటారుకు పోయే తీగ కాక ఇంకొకటి, రేకు సందులోంచి బయటికి పోతోంది. అదేమిటని అడిగితే బల్బుకని చెప్పాడు వెంకటప్పయ్య.

"ఆగితే ఆగిపోయిందే, మళ్ళీ ఎవరో ఒకరొచ్చి మీట నొక్కితేగానీ లేవడం లేదు. అసలు ఆగకుండా చెయ్యి. నీకు పాస్‌వర్డు తెలుసుగా" అన్నాడు.

నాగక్క ఫాల్టుల జాబితా తెరిచింది. డబ్బా ఎప్పుడు ఏ కారణాన ఆగిందో తారీఖు, గంట, నిమిషంతో సహా చివరి ఇరవై సార్లు తనలో రాసి పెట్టుకుంటుంది. ఇరవైలో ఒక్కటి కూడా పగటి పూటది కాదు. మోటారు నడిచేది పగలు. రాత్రి రెండింటికి, మూడింటికి ఈ డబ్బా మీద ఏం భారం పడుతోందో అర్థం కావడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. జీవి తీగను తాకుతుంది, కరెంటు ఒంట్లోంచి నేలలోకి దిగుతుంది, అప్పుడు డబ్బా ఆగుతుంది.

మీట నొక్కుతూ ఒక్కొక్కటే కిందికి దిగింది. మార్చి తొమ్మిది, ఆ రోజు పోగు పడింది. మార్చి పదిహేను, పడింది. ఇరవై రెండు, అదీ పడింది, ఆ కూర తనే ఎక్కువ కారం వేసి చెడగొట్టుకుంది. ఏప్రిల్ మూడు, తెల్లవారుజాము నాలుగు గంటల యాభై రెండు నిమిషాలు.

ఏప్రిల్ మూడున పోగు పడలేదు. ఆ తెల్లవారుజామున మంగమ్మ ఇప్పపూలు ఏరడానికి వాగు దారిన పోయింది. మంగమ్మ పగిడయ్యకు అక్క. పొద్దెక్కినా ఇంటికి రాకపోతే పగిడయ్యే వెతుక్కుంటూ పోయి, దారి పక్కన పడి ఉందని, పురుగు ముట్టిందని చెప్పి మోయించుకొచ్చాడు. అడవిలో పాము కాటు కొత్త కాదు కాబట్టి ఎవరూ దవాఖానాకు తీసుకుపోయే మాట ఎత్తలేదు. అదే రోజు మట్టి చేశారు.

ఇంకా చూడాల్సింది ఒకటి మిగిలింది. తేడా వచ్చిన ఎంతసేపటికి డబ్బా ఆగాలి అన్న అంకె. సెకండులో పదో వంతుకు ఆగాలి అది. తెరిచి చూస్తే అయిదు సెకండ్లని ఉంది.

అది పెట్టింది ఎవరో ఆమెకు తెలుసు. పోయిన వానాకాలంలో మోటారు ఎక్కగానే డబ్బా ఆగిపోతోందని వెంకటప్పయ్య వారంలో మూడు సార్లు పిలిపించాడు. మోటారు మొదట తిరిగేటప్పుడు కరెంటు గుంజుతుంది, కాసేపు ఓపిక పట్టమని డబ్బాకు చెప్పాలి. ఒక సెకండు చాలు. అదీ మోటారు నడిచేంత వరకే, తర్వాత మళ్ళీ తగ్గించాలి. కానీ నాలుగోసారి ఈ మనిషి మొహం చూడకూడదన్న కసితో, అంకె ఎంత పైకి పోతే అంత పైకి నొక్కి వదిలేసింది. అయిదు దాటి పోలేదు కాబట్టి అయిదు దగ్గర ఆగింది. మంగమ్మ ఆ అయిదు సెకండ్లూ తీగను పట్టుకొనే ఉంది.

ఫోన్ తీసి ఇరవై ఫాల్టులకూ ఫోటోలు తీసింది. అంకెను పదో వంతుకు దించింది. పాస్‌వర్డు మార్చింది. రేకు సందులోకి పోయే తీగను కట్టర్‌తో కత్తిరించి, బయటి కొసను పీకి కుప్పలా షెడ్డు మధ్యలో పడేసింది. వెంకటప్పయ్య ఏంటిదని అరిచాడు.

"మంగమ్మ చచ్చింది పురుగు ముట్టి కాదు. నీ తీగ ముట్టి" అంది. ఆ రోజు గారు అనలేదు.

వెంకటప్పయ్య మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. ఒక్క క్షణమే. తర్వాత నిదానంగా కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. కోపం వచ్చినప్పుడు కూర్చునే మనుషులు నిలబడి అరిచేవాళ్ళకన్నా ప్రమాదం.

"నా తీగా? భూమెవరిది నాగక్కా? పాసుపుస్తకం చూడు. డబ్బా ఎవరి పేర వచ్చింది? తీగ కట్టిందెవడు? ఆ డబ్బాలో అంకెలు పెట్టిందెవరు? ఇందులో నా పేరు ఎక్కడుందో వెతికి చెప్పు. పో, వెళ్ళి చెప్పుకో. రేపు పొద్దున కొత్తగూడెం నుంచి మెకానిక్ వస్తాడు. అన్నీ చెరిపేసి మొదటి నుంచీ పెడతాడు. తీగ రేపు రాత్రికి మళ్ళీ కడతాం."

ఆమె బండి మీద వాగు దాటేసరికి ఎదురుగా శారద వచ్చింది. మంగమ్మ ఒక్కగానొక్క కూతురు, ఇరవై రెండేళ్ళ పిల్ల. తల్లి మూడోనాటి కూడు అయిపోయిన మర్నాటి నుంచే తల్లి బుట్ట పట్టుకొని అదే దారిన ఇప్పపూలకు పోతోంది. ఎండలో ఎక్కడికి పోయొస్తున్నావక్కా అని నవ్వుతూ పలకరించింది. నాగక్క తల తిప్పుకొని ముందుకు పోయింది. ఎవరికైనా ఏదైనా మొహం మీద చెప్పగల మనిషి, ఆ పిల్లకు చెప్పలేకపోయింది. చెప్పకపోతే తీగ మళ్ళీ కడతారు, ఈ పిల్ల మళ్ళీ ఆ దారినే పోతుంది. చెబితే జైలుకు పోయేది పగిడయ్య, ఆ తర్వాత తను. ఇంటికి పోయి గడప మీద కూర్చుని, ఆ మధ్యాహ్నమంతా తనను తాను తిట్టుకుంది. ఆ విద్య ఆమెకు కొత్త, ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ మీదే వాడింది.

పొద్దు వాలకముందే పగిడయ్య పందిట్లో గుంపును పిలిపించింది. గుంపును పిలిచే హక్కు గుంపు పెద్దకే ఉంటుంది, ఆమెకు కాదు. ఆ మాట పగిడయ్య అన్నాడు కూడా. ఆమె వినిపించుకోలేదు. ఫోన్ తెరిచి తారీఖులు చదవడం మొదలుపెట్టింది. చదివి, ఆ రోజు పోగు పడిందా లేదా అని అడిగింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కరే అందుకున్నారు. తొమ్మిదిన పడింది, మా మరిది వచ్చిన రోజు అని ఒకామె అంది. పదిహేనున పడ్డది పెద్ద పంది, నాకు మూడు పూటలు వచ్చిందని ఇంకొకాయన లెక్క చెప్పాడు. పగిడయ్య మాత్రం లేచి నిలబడి, ఇవన్నీ ఎందుకు, పొద్దుపోతోంది, ఇళ్ళకు పొండని అన్నాడు. ఎవరూ కదల్లేదు.

"ఏప్రిల్ మూడు. తెల్లారగట్ల నాలుగూ యాభై రెండు" అని చదివింది నాగక్క.

శారద వైపు ఎవరూ చూడలేదు. ఆ పిల్లే తలెత్తి మేనమామ వైపు చూసింది.

పగిడయ్య కూలబడ్డాడు. రెండు చేతులూ చూపించి, మంగమ్మ కుడిచేతి మీద అడ్డంగా కాలిన గీత ఉందన్నాడు. తీగ దగ్గర నుంచి దారి పక్కకు తనే జరిపానన్నాడు.

"పుస్తకం నా పేరు మీద ఉన్నది బిడ్డా. తీగ నేనే కట్టిన. ఎవరికి జెప్పినా లోపలేసేది నన్నే అనుకున్న. సచ్చినామె ఎట్లా రాదు గదా అనుకున్న."

శారద ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె నాగక్క వైపు తిరిగింది.

"అయిదో తారీఖు ఉన్నదా అందుల?"

"ఉన్నది. రాత్రి ఒకటీ ఇరవై."

అయిదో తారీఖు మంగమ్మ మూడోనాటి కూడు. ఆ పొద్దున దొర దగ్గర నుంచి కబురు వచ్చింది, పంది వచ్చింది, చావింటికి కూర దొరికిందని గుంపంతా దొరను మెచ్చుకుంది. ముప్పై రెండు ఇళ్ళూ తిన్నాయి. శారద కూడా తిన్నది. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పందిట్లోంచి బయటికి పరుగెత్తింది.

ఇంతలో ఎవరో అడిగారు, మనిషి తగలగానే ఆగాల్సిన మిషన్ ఎందుకు ఆగలేదని. నాగక్క ఆ ప్రశ్న కోసమే నిలబడి ఉంది. అయిదు సెకండ్ల సంగతి చెప్పింది. ఎందుకు పెట్టిందో కూడా దాచకుండా చెప్పింది. ఆ తర్వాత ఆమె మీద పడని తిట్టు లేదు. ఇన్నేళ్ళుగా ఆమె చేతిలో మాటలు పడ్డ ఆడవాళ్ళందరూ తలా ఒకటి అన్నారు. మాకు బుద్ధులు చెప్పేదానివి, నీ పొగరే ముసలిదాన్ని తిన్నదన్నారు. ఆమె దేనికీ ఎదురు చెప్పలేదు, అవి నిజం కనుక.

తిట్లు సద్దుమణిగాక శారద అడిగింది.

"పొద్దుగాల పోలీస్ స్టేషన్‌కు పోదాం. వస్తవా?"

"వస్త."

"సాక్షిలెక్క గాదు."

"అవ్. తెలుసు" అంది నాగక్క.

అప్పుడు లేచాడు పగిడయ్య. డబ్బా తన పేరున ఉంది కాబట్టి తనే దించుకొస్తానన్నాడు. నలుగురు వెంట పోయారు. షెడ్డులో వెంకటప్పయ్య అడ్డం నిలబడి, ఎవడ్రా నా డబ్బా ముట్టేదని గదమాయించాడు. పగిడయ్య నడుముకు చుట్టుకున్న సంచిలోంచి పాసుపుస్తకం తీసి, విప్పి, అతని మొహం ముందు పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆ పుస్తకం అతనికి పనికొచ్చింది ఆ ఒక్క సాయంత్రమే. వెంకటప్పయ్య పక్కకు తప్పుకున్నాడు. తన చేను కాదని అన్నవాడు తన డబ్బా అని ఎట్లా అంటాడు?

మర్నాడు మొదటి బస్సులో ముగ్గురూ పోయారు, డబ్బా గోనెసంచిలో చుట్టి పగిడయ్య ఒళ్ళో. స్టేషన్‌లో మొదట తన పేరు చెప్పుకున్నది నాగక్క. ఆ తర్వాత పగిడయ్య. చేను నడిపేది ఎవరో, తీగకు కరెంటు పెట్టించింది ఎవరో చెప్పడానికి గుంపు నుంచి ఇరవై మంది మధ్యాహ్నానికి వచ్చారు. మంగమ్మను మళ్ళీ పైకి తీశారు. కేసులో వెంకటప్పయ్య, పగిడయ్య, నాగక్క ముగ్గురి పేర్లూ ఎక్కాయి. వెంకటప్పయ్య ముందుగా బెయిలు మీద బయటికి వచ్చాడు, మిగతా ఇద్దరూ తర్వాత. వాయిదాలు నడుస్తున్నాయి. కోర్టు వరండాలో వెంకటప్పయ్య ఒక బల్ల మీద, వాళ్ళిద్దరూ ఇంకో బల్ల మీద కూర్చుంటారు, ఒకరినొకరు చూసుకోరు.

నాగక్క పని మానలేదు. రెండు గుంపులు ఆమెను రావద్దన్నాయి. మూడు గుంపులు పిలుస్తాయి, వేరే దిక్కు లేక. ఇప్పుడు ఆమె ఎవరినీ తిట్టదు. అది చూసి మంచిదైపోయిందని అనేవాళ్ళున్నారు. ఆ తిట్లన్నీ ఇప్పుడు తననే తిట్టుకుంటుందని వాళ్ళకు తెలియదు.

పోయిన నెలలో శారద ఇంట్లో ఇన్వర్టర్ ఆగిపోయింది. వారం రోజులు చీకట్లో ఉండి, చివరికి ఆ పిల్లే కబురు పంపింది. నాగక్క పోయింది. శారద లోపలికి రమ్మనలేదు, కూర్చోమనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. నాగక్క స్టూలు ఎక్కి పని చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడి వేళ్ళ వంకే చూసింది. ఫ్యూజు మార్చి, పాస్‌వర్డు కొట్టి లోపలి అంకెలు తెరిచేసరికి, శారద మొదటిసారి నోరు విప్పింది.

"ఎంతసేపటికి ఆగుతది?"

"జల్దీ ఆగుతది. భయం లేదు."

"భయం సంగతి అడగలె. అంకె చెప్పు."

నాగక్క చెప్పింది. సెకండులో పదో వంతు అని.

"ఇంకోసారి చెప్పు" అంది శారద.